ఓడ ఆగిన ఆరేడు గంటల్లో ఏ అడవికి వెళ్ళాలి?

మా అక్కావాళ్ళు చెన్నైలో ఉంటారు. పోయిన జూన్‌లో చెన్నై నుంచి వైజాగ్ వచ్చే క్రూజ్ ఎక్కుతున్నామని, ఇక్కడ ఒక పగలు ఓడ ఆగుతుందని అక్క ఫోన్ చేసింది. "కైలాసగిరి, సబ్‌మెరైన్ పిల్లలు రెండుసార్లు చూసేశారే. ఈసారి ఏదైనా అడవి చూపించు. పిట్టలుంటే చాలు, పెద్దది పిట్టల పుస్తకం పట్టుకునే నిద్రపోతోంది" అంది.

సరే అన్నాను గానీ, ఇంటికొచ్చిన చుట్టాలకి ఊరు చూపించడం వేరు, ఓడ దిగి వచ్చేవాళ్ళకి చూపించడం వేరు అని లెక్క వేసుకున్నాకే తెలిసింది. టికెట్ మీద రాసిన గంటలన్నీ మన చేతికి రావు. ఓడ తాళ్ళు కట్టాక జనాన్ని జట్లు జట్లుగా దింపుతారు, కార్డులు చూస్తారు, అప్పుడు గేటు దాకా వస్తారు. వెనక్కి వెళ్ళేటప్పుడు కూడా ఓడ కదిలే వేళకి చాలా ముందే లోపల ఉండాలి. ఓడవాళ్ళు పెట్టిన టూర్ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. మన సొంత బండి ఆలస్యమైతే ఆగదు. నన్ను చివరిదాకా టెన్షన్ పెట్టింది ఈ ఒక్క మాటే. బావగారు పంపిన టైమింగ్స్ ప్రకారం దారులకీ ట్రాఫిక్‌కీ పోగా నికరంగా అయిదు గంటలు మిగిలాయి.

నా మనసులో నాలుగు చోట్లు ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురాన్ని మొదటే తీసేశాను. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చెట్లనిండా గూళ్ళు కట్టుకునే ఊరు, నాకు ప్రాణమైన చోటు. కానీ ఇక్కడికి 150 కిలోమీటర్లకి పైనే. పైగా ఆ పిట్టలు సెప్టెంబరు నుంచి మార్చి దాకానే ఉంటాయి. జూన్‌లో వెళ్తే ఖాళీ చింతచెట్లు చూసి రావాలి.

రెండోది జూ. ఇందిరా గాంధీ జంతు ప్రదర్శనశాల 1977లో మొదలైంది. 625 ఎకరాలు, మూడువైపులా కొండలు, నాలుగోవైపు సముద్రం. చిన్నపిల్లలతో వచ్చేవాళ్ళకీ, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకీ నేను దాన్నే చెప్తాను. నీడుంటుంది, దారి బాగుంటుంది, పులినీ ఎలుగునీ చూసి తీరతారు. సోమవారం మాత్రం సెలవు, ఓడ ఆ రోజు వస్తే లాభం లేదు. అయితే జూని అభయారణ్యం అని అమ్మేవాళ్ళతో జాగ్రత్త. నేను బండి కోసం కనుక్కున్న ఒక ట్రావెల్స్ అతను "శాంక్చురీ ప్యాకేజీ" అని పెద్ద రేటు చెప్పాడు. గుచ్చి గుచ్చి అడిగితే అది జూలో గంటన్నర, తర్వాత బీచ్‌లో భోజనం. జూకి వెళ్ళడం తప్పు కాదు, అడవి చూడాలని సముద్రం దాటి వచ్చిన పిల్లకి బోను చూపించి అదే అడవి అనడం తప్పు.

మూడోది కొండకర్ల ఆవ. దీని కోసం ఓడ రావడానికి వారం ముందు నేనే వెళ్ళి చూసి వచ్చాను. మనవైపు చెరువు కంటే పెద్ద, లోతట్టు మంచినీళ్ళ సరస్సుని ఆవ అంటారు. అచ్యుతాపురం దగ్గర, వైజాగ్‌కి సుమారు 50 కిలోమీటర్లు. గాజువాక, కూర్మన్నపాలెం లారీల మధ్య నుంచి వెళ్ళడానికి నాకు గంటా ముప్పావు పట్టింది. ఒడ్డున దిగగానే ఆ అలసటంతా పోయింది. తామరాకుల మీద పొడుగాటి వేళ్ళతో ఒక పిట్ట నడిచిపోతోంది. ఆకు కొద్దిగా కుంగుతోంది, నీళ్ళు ఆకు మీదికి వచ్చేలోపే అది పక్క ఆకు మీద ఉంటోంది. అది అవతలికి వెళ్ళిపోయేదాకా కదలకుండా చూస్తూ నిలబడ్డాను.

అక్కడ తాటి దోనెల మీద తిప్పుతారు. తాటి మొద్దుల్ని తొలిచి, రెంటిని జతగా కట్టి, పైన పలక వేస్తారు. పడవ నడిపే పెద్దాయన గడకర్ర ఆనించి నెడుతుంటే చప్పుడే ఉండదు. కానీ లైఫ్ జాకెట్ అడిగితే లేదన్నారు. ఈత రాని పిల్లల్ని దాని మీద ఎక్కించడానికి నాకు మనసొప్పలేదు. జూన్ ఎండలో నీళ్ళు కూడా తగ్గి ఉన్నాయి, చలికాలం వలస బాతులు ఉండవు. రానూపోనూ మూడున్నర గంటలు దారిలోనే పోయి, పదకొండు గంటల ఎండలో ఒడ్డున నిలబడాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య ఓడ తెల్లవారే సరికి కడితే కొండకర్లకి తిరుగులేదు. జూన్‌లో, తొమ్మిది దాటాక, వద్దు.

మిగిలింది కంబాలకొండ. విచిత్రమేమిటంటే వైజాగ్ వాళ్ళం రోజూ హైవే మీద దాని పక్కనుంచే పోతాం, లోపలికి వెళ్ళినవాళ్ళు తక్కువ. ఒకప్పుడు విజయనగరం రాజుల అడవి, 2002లో అభయారణ్యం చేశారు. 70 చదరపు కిలోమీటర్లు. చిరుత, కణితి, చుక్కల దుప్పి, కొండగొర్రె, అలుగు ఉన్నాయి. ఎకో పార్కు ద్వారం జూకి ఎదురుగా హైవే పక్కనే ఉంది. ఓడ దగ్గర్నుంచి అరగంట, ముప్పావుగంట ప్రయాణం. ఓడ ప్రయాణికులకి ఇంతకంటే ఏం కావాలి?

అక్కకి ముందే చెప్పాను: "చిరుత కనిపిస్తుందని పిల్లలకి ఆశ పెట్టకు. అది మనల్ని చూస్తుంది, మనం దాన్ని చూడం."

ఆ రోజు మబ్బు పట్టి ఉంది. ఓడ ఏడున్నరకి కట్టినా వాళ్ళు బయటికి వచ్చేసరికి తొమ్మిదింబావు. ఔటర్ హార్బర్‌లో 2023లో తెరిచిన క్రూజ్ టెర్మినల్ శుభ్రంగా, విశాలంగా ఉందని బావగారు అన్నారు. నాలుగుకల్లా తిరిగి రావాలట. బండి రోజంతటికీ మాట్లాడాను. ఇది మాత్రం అందరికీ గట్టిగా చెప్తాను: వెళ్ళేటప్పుడు యాప్‌లో కారు దొరుకుతుంది, అడవి బయట హైవే మీద నిలబడి తిరుగు కారు కోసం చూస్తుంటే గుండె దడదడలాడుతుంది. అంతకుముందు వారం చూడ్డానికి వెళ్ళినప్పుడు నాకు ముగ్గురు క్యాన్సిల్ చేశారు.

ద్వారం దగ్గర పడవలు, తాళ్ళ మీద నడిచే ఆటలు ఉన్నాయి. చిన్నోడు అక్కడే ఆగిపోతానన్నాడు, బావగారు వాడితో ఉండిపోయారు. మేం ముగ్గురం దారి చూపించే అతనితో కొండవైపు నడిచాం. అడవి లోపలే ఉన్న శంభువానిపాలెం గురించి చెప్తూ నడిచాడు. ఒకచోట ఆగి దారి పక్కన ఎండిపోయిన పెంట చూపించాడు, అందులో వెంట్రుకలు. "చిరుతదండీ, దుప్పిని తిన్నట్టుంది" అన్నాడు. అక్క వెంటనే పిల్ల చెయ్యి పట్టుకుంది. పిల్ల మాత్రం కూర్చుని దగ్గరగా చూసింది.

గెడ్డ (వాగు) దాటాక వెదురు పొదల్లోంచి రెండు ముక్కల ఈల వినిపించింది. రెండో ముక్క కిందికి జారుతుంది. దారి చూపించే అతను చెయ్యెత్తి ఆపాడు. పది నిమిషాలు కదల్లేదు మేం. తర్వాత ఎండుటాకుల మధ్య ఏదో గెంతింది. మైనా కంటే కొంచెం చిన్నది, తోక ఉందా లేదా అన్నట్టు కురచ. వీపు ఆకుపచ్చ, రెక్క మీద నీలం, కంటి మీదుగా నల్లటి పట్టీ. ముక్కుతో ఒక ఆకు తిప్పి, కింద చూసి, ఇంకో ఆకు తిప్పింది. తిరిగినప్పుడు తోక కింద కుంకుమ రాసినట్టు ఎరుపు కనిపించింది.

"పిన్నీ, ఇది ఆరుమణి కురువి!" అని పిల్ల నా చెవిలో అంది. చలికాలంలో చెన్నైలో పొద్దునా సాయంత్రం ఆరు ప్రాంతంలో కూస్తుందని తమిళంలో ఆ పేరు. మనం పొన్నంగి పిట్ట అంటాం. ఇంగ్లీషులో దీన్ని పిట్టా అంటారు. అది మన "పిట్ట" మాటేనని, శాస్త్రంవాళ్ళు తెలుగు నుంచి తీసుకున్న పేరని చెప్తే పిల్ల నమ్మలేదు, పుస్తకం తిప్పి చూసి ఊరుకుంది. వానాకాలం దగ్గరపడితే ఇది గూళ్ళు కట్టుకోవడానికి ఉత్తరంగా కదులుతుంది. అంటే ఆ పిల్ల చెన్నై నుంచి ఓడలో వచ్చిన దారినే అది ఎగిరి వచ్చి ఉండొచ్చు.

తోకపిగిలి పిట్టని, ఒక దుప్పి మందని కూడా చూశాం. చిరుత కనపడలేదు. పన్నెండున్నరకి బయటికి వచ్చి, డాబాలో భోంచేసి, బీచ్ రోడ్డు మీదుగా వెనక్కి వచ్చాం. ఆర్కే బీచ్ దగ్గర మురీ మిక్చర్ కోసం పదిహేను నిమిషాలు ఆగగలిగాం, దగ్గరి చోటు ఎంచుకున్నందుకే. మూడుంబావుకి వాళ్ళు గేటు లోపల ఉన్నారు.

వెళ్ళేవాళ్ళు పొడుగు చేతుల చొక్కా, దోమల మందు, నీళ్ళు తప్పకుండా పట్టుకెళ్ళండి. చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి, వాన పడితే రాళ్ళు జారతాయి. ఎర్రరంగు, తెల్లరంగు బట్టలు వేసుకోకుండా ఉంటే పిట్టలు తొందరగా బెదరవు.

అక్టోబరులో అక్క ఫోన్ చేసింది. వెనకింటి వేపచెట్టు కింద ఈల వినిపిస్తోందట, పిల్ల రోజూ ఆరుకి కిటికీ దగ్గర కూర్చుంటోందట. "డిసెంబరులో వస్తాం, ఆ తామరాకుల పిట్ట కూడా చూపించు" అంది. ఓడ వద్దు, రైల్లో వచ్చి మా ఇంట్లో నాలుగు రోజులుండండి అన్నాను. కొండకర్ల ఆవకి చీకటితోనే బయల్దేరాలి. లైఫ్ జాకెట్లు ఇక్కడే కొని పట్టుకెళ్తాను.