లాక్ విప్పి చూపించనివాడి దగ్గర లాంగ్‌రైఫిల్ కొనకండి

పెన్సిల్వేనియా, న్యూజెర్సీ, మేరీలాండ్ వైపు ఉంటూ ఫ్లింట్‌లాక్ (చెకుముకి రాయి దెబ్బకి పుట్టే నిప్పుతో పేలే పాతకాలపు తుపాకీ) మీద ఇష్టం పెంచుకున్న మనవాళ్ళందరికీ ఈ హెచ్చరిక. లీహై, బర్క్స్ కౌంటీల గన్ షోల్లో టేబుల్ పెడుతూ, వేలం సైట్లో కూడా "పూర్తిగా చేత్తో చేసిన లీహై లాంగ్‌రైఫిల్" (ఆ ప్రాంతపు పాత శైలి పొడుగు గొట్టం తుపాకీ) అని అమ్ముతున్న ఒకాయన ఉన్నాడు. పేరు రాయను. ఆ షోలకి వెళ్ళేవాళ్ళకి ఎవరో అర్థమవుతుంది. ఆయన దగ్గర 4,200 డాలర్లు పోయాయి. డబ్బు సంగతి తర్వాత. ఆయన అమ్మిన తుపాకీ మనిషి కన్ను తీసేది.

ప్రకటనలో రాసింది ఇది: .50 క్యాలిబర్, కర్లీ మేపుల్ (సహజంగా చారలు తేలే చెక్క) స్టాక్, అంటే తుపాకీ చెక్క భాగం, అన్నీ ఉలితో కూర్చినవి, చేసింది ఇప్పుడు బతికి లేని ఒక లీహై తయారీదారుడు, బ్యారెల్ (గొట్టం) మీద ఆయన ఇనీషియల్స్. ఇచ్చేటప్పుడు లాక్ (రాయి కొట్టి నిప్పు పుట్టించే యంత్రం) ఒకసారి తీసి చూస్తామంటే చెయ్యి అడ్డం పెట్టాడు. "సెట్టింగ్ పోతుంది, ఆయన స్వయంగా బిగించిన మరలు, తీస్తే విలువ పడిపోతుంది" అన్నాడు. ఇది పచ్చి అబద్ధం. ఈ తుపాకుల్లో లాక్ ఒకటో రెండో మరల మీద ఆగుతుంది. కాల్చిన ప్రతిసారీ సాయంత్రం దాన్ని తీసి తుడవాల్సిందే, లేకపోతే నల్ల తుపాకిమందు మసి తేమ పీల్చి ఇనుమును తినేస్తుంది. తీస్తే పాడయ్యే లాక్ అంటూ ఉండదు. నిజంగా చేసేవాళ్ళయితే అడగకముందే తీసి చేతిలో పెడతారు, ఎందుకంటే వాళ్ళ పనితనమంతా అక్కడే ఉంటుంది.

ఎందుకు తీయనివ్వలేదో బర్క్స్ కౌంటీలో ఏళ్ళ తరబడి ఈ పని చేస్తున్న ఒక పెద్దాయన బల్ల మీద నిన్న తేలింది.

లాక్ ప్లేటు బయటికి రాగానే దాని చాటున బ్యారెల్ పక్కమీద, పాన్ (నిప్పు అంటుకునే మందు పోసే చిన్న పళ్ళెం) మట్టానికి కింద, చదునుగా రాకేసిన ఒక మర తల కనిపించింది. అది పాత టచ్ హోల్, అంటే పాన్ నుంచి నిప్పు గొట్టంలోకి వెళ్ళే కంత. దాన్ని మరతో మూసి, ఆకురాయితో చదును చేసి, బ్రౌనింగ్ మందు (ఇనుముకి గోధుమరంగు తెచ్చేది) పూసి కప్పెట్టాడు. దాని చుట్టూ, లాక్ కూర్చునే గుంటలో చెక్క నల్లగా కాలి ఉంది. అంటే ఆ మర లీకవుతోంది. అంటే దీన్ని ఇంతకుముందు కాల్చారు, కాల్చినప్పుడు నిప్పు లోపలికి తన్నింది, ఆ సంగతి లాక్ తీసిన ఎవడికైనా కనిపిస్తుంది. ఆయనకి తెలుసు. తెలిసే చెయ్యి అడ్డం పెట్టాడు. మందు పేలినప్పుడు ఆ ఒత్తిడికి మర ఊడితే లాక్‌ని పక్కకి విసిరేస్తుంది, చెక్కని చీలుస్తుంది. కాల్చేవాడి ముంజేయి, మొహం, పక్కన నిలబడ్డవాడు అందరూ దాని దారిలోనే ఉంటారు. రేంజ్‌లో పక్కన పిల్లలు కూడా ఉంటారు. వాళ్ళ గురించి ఒక్క క్షణం ఆలోచించినవాడు దీన్ని అమ్మడు.

ఇది ఎలా జరిగిందో పెద్దాయన వివరించాడు. ఒక విదేశీ ఫ్యాక్టరీ తుపాకీ నుంచి బ్యారెల్, లాక్ ఊడదీసి, మెషిన్ మీద ముందే ఆకారం తీసిన స్టాక్‌లో కూర్చోబెట్టారు. కూర్చోబెట్టేటప్పుడు బ్యారెల్ కాస్త ముందుకీ కిందకీ జరిగింది. దాంతో పాత టచ్ హోల్ పాన్‌కి సరిపడలేదు. స్టాక్ పారేసి మళ్ళీ మొదలుపెట్టాల్సిన చోట పాత కంత మూసి, దాని వెనక, పైన కొత్తది తొలిచేశారు. ఆ కొత్త కంత నేరుగా బ్రీచ్ ప్లగ్ (గొట్టం వెనక కొసని మూసే ఇనుప బిరడా) ముఖం మీద తెరుచుకుంటోంది. సగం కంతకి ఎదురుగా ప్లగ్ ఇనుము. మందుకి దారి ఇవ్వడానికి ప్లగ్ అంచు మీద గాడి గీశారు. ఆ గాడిలో రెండు మూడు షాట్లకే మసి గడ్డకట్టి పాన్ వెలుగుతుంది, తుపాకీ పేలదు. లేదా ఆలస్యంగా పేలుతుంది, అదే ఇంకా ప్రమాదం. పేలలేదనుకుని గొట్టం దించే సమయానికి పేలుతుంది. పైగా కంత సైజు దాదాపు 3/32 అంగుళం. మామూలుగా 1/16 పెడతారు, మహా అయితే 5/64. వెడల్పు కంతలోంచి ప్రతి షాట్‌కీ నిప్పు పక్కకి చిమ్ముతుంది.

బ్యారెల్ బయటికి తీశాక ఇంకొకటి. బ్రీచ్ దగ్గర అడుగు పలక మీద గ్రైండర్ గీతలు. అమెరికాలో ప్రూఫ్ పరీక్ష (ఎక్కువ మందుతో కాల్చి గొట్టం గట్టిదనం చూడటం) తప్పనిసరి చేసే చట్టం లేదు కాబట్టి ఇక్కడి కస్టమ్ బ్యారెళ్ళ మీద ప్రూఫ్ ముద్రలుండవు. ఇటలీ, స్పెయిన్‌లో చేసినవాటి మీద ప్రభుత్వ ప్రూఫ్ ముద్ర, సీరియల్ నంబర్ ఉంటాయి. వాటిని రుద్దేసిన చోట ఒక ముద్ర అంచు ఇంకా మిగిలే ఉంది. ఫ్యాక్టరీ తుపాకీ చెడ్డదని కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి ఆ ధరకి అమ్మితే బాగా కాలే తుపాకీయే. ముద్ర రుద్దేసి, చనిపోయిన మనిషి ఇనీషియల్స్ కొట్టి, నాలుగు రెట్లకి పైగా గుంజడం వేరు. ఆ తయారీదారుడు తన పేరు బ్యారెల్ పై పలక మీద చేత్తో చెక్కేవాడట, అచ్చు ముద్ర ఎప్పుడూ కొట్టలేదని ఆయన్ని ఎరిగినవాళ్ళు చెప్పారు. ఇక్కడ ఉన్నది అచ్చులతో కొట్టినవి, ఒక అక్షరం వంకర.

బ్యారెల్‌ని స్టాక్‌కి పట్టి ఉంచే లగ్గుల కోసం అడుగున మూడు డోవ్‌టెయిల్ గాడులు కొత్తగా కోశారు. పలక నుంచి పలకకి 13/16 అంగుళం బ్యారెల్, .50 బోర్ (గొట్టం లోపలి కంత) అంటే గోడ మందం 0.156 అంగుళం. దాంట్లో గాడి లోతు 0.050, 0.060 దాటకూడదు. ఇక్కడ మధ్య గాడి 0.090 ఉంది, మిగిలిన గోడ 0.066. లగ్గు బిగించడానికి సుత్తితో కొట్టినప్పుడు బోర్ లోపల గుబ్బ తేలింది. బిగువైన ప్యాచ్ (గుడ్డ ముక్క) కట్టిన రాడ్ దించితే ఆ చోట చేతికి తగులుతుంది. 0.490 గుండు, 0.015 ప్యాచ్‌తో ఇలాంటి గొట్టానికి గురి కుదరదు.

చెక్క సంగతి. మేపులే, కానీ సాదా మేపుల్. చారలన్నీ రంగుతో వేసినవి. నిజమైన కర్లీ మేపుల్‌ని వెలుతురులో అటూ ఇటూ తిప్పితే నల్ల చార తెల్లబడుతుంది, తెల్లది నల్లబడుతుంది, ఎందుకంటే నార అలలుగా ఉంటుంది. రంగు చార ఎటు తిప్పినా అలాగే ఉంటుంది. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు పెట్టారు చారలు. లాక్ గుంట మూలలన్నీ గుండ్రం, రౌటర్ అనే యంత్రం కోత. ఉలి వాడినచోట మూలలు పదునుగా ఉంటాయి, అడుగున చిన్న చిన్న ఉలి మెట్లు, అమరిక చూసుకోవడానికి పూసిన మసి మరకలు మిగులుతాయి. ఇక్కడ ఖాళీలన్నిటిలో గోధుమరంగు కలిపిన ఎపాక్సీ (గట్టిపడే జిగురు). బ్రీచ్ వెనక ఎపాక్సీ వాడే మంచి తయారీదారులు కూడా ఉన్నారు, వాళ్ళు చెప్పి వాడతారు.

ఇంకా చూడండి, లీహై అన్నాడు కదా. లీహై తుపాకీకి పిర్ర భాగం (భుజానికి ఆన్చే చోటు) పైగీత వంపు తిరిగి ఉంటుంది, అందుకే రోమన్ ముక్కు అంటారు. మణికట్టు (చేత్తో పట్టుకునే చోటు) సన్నగా ఉంటుంది, కొన్నిటి మీద స్టాక్ అడుగున ఆదివాసి తల బొమ్మ చెక్కి ఉంటుంది. దీని మీద పెట్టిన ఇత్తడి ప్యాచ్‌బాక్స్ (స్టాక్ పక్కన మూత ఉన్న చిన్న అర) తలమీద డైసీ పువ్వు, అది లాంకాస్టర్ గుర్తు. ఇదొక్కటే అయితే తప్పు పట్టను. ఇప్పటి తయారీదారులు రెండు శైలులు కలిపి చేసుకునే హక్కు వాళ్ళకి ఉంది. లీహైలో పుట్టి పెరిగిన పనివాడి చేతి తుపాకీ అని ప్రమాణం చేసి అమ్మినప్పుడే అది అబద్ధానికి సాక్ష్యమవుతుంది.

లాక్ కూడా ఫ్యాక్టరీదే అని పైన చెప్పాను. లోపల పోత గీతలు అలాగే ఉన్నాయి, పేరు చెక్కిన చోట పాత ముద్ర రాకేశారు. దాని ఫ్రిజెన్ (చెకుముకి రాయి తగిలే ఉక్కు పలక) మెత్తగా ఉంది. చెకుముకి రాయి దెబ్బకి నిప్పు పుట్టే బదులు ఇనుము చెక్కుకుపోతోంది. రవ్వలు ఎర్రగా పుట్టి గాల్లోనే ఆరిపోతున్నాయి. గట్టిపరిచిన ఫ్రిజెన్ మీద ఆకురాయి జారుతుంది, రవ్వలు తెల్లగా పడి పాన్‌లో చిటపటమంటాయి. పాత ముద్రతో పాటు ఫ్రిజెన్ పై పొర కూడా రాకేసి, వేడి పెట్టి రంగు తెచ్చి ఉంటారని పెద్దాయన అనుమానం. ఆ వేడికే గట్టిదనం పోతుంది.

ఇవన్నీ ఫోటోలు తీసి పంపి ఫోన్ చేస్తే ఆ అమ్మినాయన అన్న మాట: "మీవాళ్ళు దీన్ని గోడకి తగిలించుకోవడానికే కదా కొనేది. లోపల ఏముంటే మీకెందుకు? తేడా మీకు తెలుస్తుందా?" ఆ తర్వాత నంబర్ బ్లాక్. మూసేసిన టచ్ హోల్ గురించి ఒక్క మాట లేదు. కాదనలేదు, క్షమించమనలేదు. "మీవాళ్ళు" అన్నాడు. మనవాళ్ళెంతమంది పెన్సిల్వేనియా హంటింగ్ లైసెన్సులు తీసుకుని, క్రిస్మస్ మర్నాటి నుంచి ఫ్లింట్‌లాక్ సీజన్‌లో మంచులో అడవుల్లో తిరుగుతున్నారో ఆయనకి తెలియదు. తెలిసినా లెక్కలేదు. రంగు చూసి, యాస విని, వీళ్ళకి తెలియదులే అని ఆ తుపాకీని పక్కన పెట్టి ఉంచాడు. తెలిసినవాడికి చూపించే ధైర్యం లేనిదాన్ని మనకి అంటగట్టాడు.

నా కోపం ఆయన ఒక్కడి మీదే. ఆ ప్రాంతం పనివాళ్ళ మీద దీని మరక పడకూడదు. జర్మనీ, స్విట్జర్లాండ్ నుంచి వచ్చినవాళ్ళు పొట్టి యేగర్ (జర్మన్ వేట) రైఫిల్‌ని సాగదీసి, క్యాలిబర్ తగ్గించి, మేపుల్ వాడి చేసిన తుపాకీ ఇది. లాంకాస్టర్‌లో జేకబ్ డికర్ట్, క్రిస్టియన్స్ స్ప్రింగ్‌లో ఆండ్రియాస్ ఆల్బ్రెక్ట్, అలెన్‌టౌన్‌లో మోల్ కుటుంబం, ఇలా 18వ శతాబ్దం నుంచి పేర్లున్నాయి. 1960లలో, వర్జీనియాలోని పాతకాలపు ఊరి మ్యూజియం కలోనియల్ విలియమ్స్‌బర్గ్‌లో వాలెస్ గస్లర్ బ్యారెల్‌తో సహా ప్రతి ముక్కా పాత పద్ధతిలో కొలిమి దగ్గరే చేసి చూపించాడు. ఇప్పటికీ ఒక్క తుపాకీకి వందల గంటలు పెట్టేవాళ్ళున్నారు. వాళ్ళు లాక్, బ్యారెల్ బయట కొనడం మోసం కాదు, ఆ కాలంలో కూడా ఇంగ్లండ్, జర్మనీ నుంచి వచ్చిన లాకులు కొని పెట్టేవారు. ఏది కొన్నారో, ఏది చేశారో అడిగితే వరసగా చెబుతారు. కెంప్టన్‌లో జులైలో జరిగే గన్‌మేకర్స్ ఫెయిర్‌లో తుపాకులు పెట్టి తీర్పు అడిగే మనుషులు వాళ్ళు. కెంటకీ లెక్సింగ్టన్‌లో ఆగస్టులో కాంటెంపరరీ లాంగ్‌రైఫిల్ అసోసియేషన్ సమావేశానికి, ఇండియానా ఫ్రెండ్‌షిప్‌లో 1933లో పుట్టిన నేషనల్ మజిల్ లోడింగ్ (మూతి నుంచి మందు నింపే) రైఫిల్ అసోసియేషన్ పోటీలకి వెళ్ళి చూడండి, చేసినవాళ్ళతోనే నేరుగా మాట్లాడవచ్చు.

కొనేటప్పుడు ముందు రాడ్‌ని అడుగుదాకా దించి, మూతి దగ్గర గుర్తు పెట్టి, బయట బ్యారెల్ పక్కన ఆనించండి. రాడ్ కొస టచ్ హోల్ దాకా వస్తే ఖాళీ. రాకపోతే లోపల మందో గుండో ఉంది, అక్కడే ఆపండి. టచ్ హోల్ దాటి వెనక్కి పోతే ప్లగ్ సరిగ్గా ఉందా అని అడగండి. తర్వాత లాక్ మీద రాయి పట్టుకున్న సుత్తిని హాఫ్ కాక్‌లో (సగం వెనక్కి లాగిన స్థితిలో) పెట్టి, లాక్ మరలు రెండు మూడు చుట్లు వదులు చేసి, వాటి తలల మీద స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. లాక్ సమంగా లేస్తుంది. లాగితే చెక్క అంచు చిట్లుతుంది. హాఫ్ కాక్‌లో ట్రిగ్గర్ నొక్కితే సుత్తి పడకూడదు. టచ్ హోల్ పాన్ పై అంచు మట్టానికి ఉండాలి. బ్యారెల్ అడుగు ఫోటో అడగండి, పిన్నులు కొట్టి తీయాలి కాబట్టి అక్కడికక్కడ తీయరు, కానీ చేసినవాడి దగ్గర పని మధ్యలో తీసిన ఫోటోలు ఉంటాయి.

జెల్ (Zelle) యాప్‌లో డబ్బు పంపకండి, పోతే తిరిగి రాదు. ఫెడరల్ చట్టం వీటిని ఫైర్‌ఆర్మ్ కింద లెక్కించకపోయినా న్యూజెర్సీ లెక్కిస్తుంది, అక్కడి కొనుగోలు కార్డు లేకుండా తెచ్చుకోకండి. వీసా మీద ఉన్నవాళ్ళు ముందు లాయర్‌ని అడగండి.

ఆయన టేబుల్ మీద ఇప్పుడు ఇంకో రెండు "లీహై" తుపాకులున్నాయి. రెండింటికీ అదే డైసీ ప్యాచ్‌బాక్స్, అవే అచ్చు అక్షరాలు. వేలం పేజీలో పదుల కొద్దీ ఫోటోలున్నాయి, లాక్ వెనక ఫోటో ఒక్కటీ లేదు. ఎవరైనా వాటి మీద కన్నేసి ఉంటే ఆ ఫోటో అడిగాకే మాట్లాడండి.