ఓఆర్ఎస్ ప్యాకెట్టా, బొండాం నీళ్లా?

మా కోనసీమలో పిల్లాడికి విరేచనాలు పట్టుకున్నాయంటే చాలు, పెరట్లో చెట్టు మీంచి బొండాం దింపించేస్తారండి. తాగించొచ్చు, తప్పేం లేదు, కానీ అందులో పొటాషియం దండిగా ఉంటుంది గానీ సోడియం తక్కువ, విరేచనాల్లోనేమో సోడియం బాగా పోతుంది, అందుకే అది ఓఆర్ఎస్‌కి బదులు కాదు. ప్యాకెట్‌లో ఉప్పు, గ్లూకోజు లెక్కగా ఉంటాయి, ఆ గ్లూకోజు తోడుంటేనే పేగు ఉప్పునీ నీళ్లనీ బాగా పీల్చుకుంటుంది. లీటరు ప్యాకెట్టయితే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి, మా అత్తయ్యగారిలా గ్లాసుకి చిటికెడు కాదు, 24 గంటలు దాటితే పారబోయాలి. రుచిలో బొండామే గెలుస్తుంది, ఒప్పుకుంటా. అయినా నా ఓటు ఓఆర్ఎస్‌కే, చెంచాతో కొంచెం కొంచెంగా. తల్లిపాలు ఆపొద్దు. కళ్లు లోతుకుపోయి, ఉచ్చ రాక, మగతగా పడుంటే మాత్రం ఇంట్లో చూసుకుందాంలే అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తడమే, తాగగలిగితే దారిలో కూడా ఓఆర్ఎస్ కొంచెం కొంచెంగా పడుతూ.