నా సివిక్ ఇంజన్ కట్టిన మెషిన్ షాపు: 17 వేల మైళ్ల తర్వాత

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లేత్ పని చేశారు. బ్లాకు (సిలిండర్లుండే ఇంజన్ దిమ్మ) బోరింగ్ అయ్యాక సిలిండర్‌ని పైన, మధ్యలో, కింద మూడు చోట్ల కొలిచి పుస్తకంలో రాసుకునేవారు. డల్లాస్ చుట్టుపక్కల ఇంజన్ కట్టేవాళ్ల కోసం తిరిగినప్పుడు నేను వెతికింది ఆ అలవాటునే. ఫోర్ట్‌వర్త్ దగ్గర ఒక చిన్న షాపులో అది కనిపించింది. యజమాని, ఇంకో ఇద్దరు పనివాళ్లు, అంతే. ఇప్పటికే నాలుగు నెలల క్యూ ఉందని పేరు రాయొద్దన్నాడు, అందుకే రాయడం లేదు.

బండి 1994 సివిక్ హ్యాచ్‌బ్యాక్. ప్లేనో నుంచి ఇర్వింగ్ ఆఫీసుకి రానూపోనూ రోజూ యాభై మైళ్లు. దానికి నేను కట్టించింది హైబ్రిడ్ ఇంజన్. హైబ్రిడ్ అంటే ఇక్కడ బ్యాటరీ బండి అనుకోకండి. హోండా బండ్ల అభిమానుల్లో ఒక ఇంజన్ బ్లాకుకి ఇంకో ఇంజన్ హెడ్ (పైన వాల్వులుండే భాగం) బిగిస్తే దాన్నీ హైబ్రిడ్ అనే అంటారు. హోండాదే ఇంకో కారు ఇంటెగ్రా ఎల్ఎస్‌లో వచ్చే 1.8 లీటర్ల బ్లాకుకి స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం) ఎక్కువ, 89 మిల్లీమీటర్లు. అందుకే ఇంజన్ తక్కువ వేగంలో ఉన్నప్పటి నుంచే లాగుతుంది. కానీ దాని హెడ్‌లో వీటెక్ (ఇంజన్ వేగం పెరిగితే వాల్వులు ఎక్కువ తెరిచే ఏర్పాటు) ఉండదు. హోండాదే బీ16 అనే ఇంజన్ హెడ్‌లో ఉంటుంది. రెండూ కలిపి పైన టర్బో పెట్టించుకోవాలని నా కోరిక.

మొదటిసారి ఇంకో చోట కట్టించాను. పాత పిస్టన్లే ఉంచి టర్బో బిగించి, ట్యూనింగ్ ఒక్క సాయంత్రంలో ముగించారు. మూడో నెలలో హైవే మీద నీలం పొగ వచ్చింది. విప్పి చూస్తే మూడో పిస్టన్‌లో రింగు కూర్చునే గాడి అంచు విరిగిపోయి ఉంది. బూస్టులో (టర్బో గాలిని ఒత్తిడితో నెట్టేటప్పుడు) పెట్రోలు చాలక నాకింగ్ (సిలిండర్లో పెట్రోలు అదుపు లేకుండా పేలడం) వస్తే పోత పోసిన పిస్టన్ తట్టుకోలేదు. ఆ ముక్కను చేతిలో పెట్టుకుని చాలా బాధపడ్డాను.

అది పట్టుకుని ఈ షాపుకి వెళ్తే, యజమాని హార్స్‌పవర్ ఎంత కావాలని అడగలేదు. రోజూ ఎంతసేపు ట్రాఫిక్‌లో నిలబడతావు, ఏ పెట్రోలు పోస్తావు, చలికాలంలో బండి బయటే ఉంటుందా అని అడిగాడు. నేను 350 అన్నాను. ఆఫీసుకెళ్లే బండికి అంత కట్టనన్నాడు. బూస్టు 7 పీఎస్ఐ, ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) 7,200 దగ్గర కట్, సరేనంటే బ్లాకు దించమన్నాడు. అంత స్ట్రోకుకి ఎల్ఎస్ కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీ) పొట్టి. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ పిస్టన్ సిలిండర్ గోడని పక్కకి గట్టిగా నెడుతుంది. పైగా బీ16 బ్లాకులో పిస్టన్ అడుగున చల్లబరచడానికి ఆయిల్ చిమ్మే జెట్లు ఉంటాయి, ఎల్ఎస్ బ్లాకులో లేవు. అవన్నీ కాగితం మీద గీసి చూపించాడు.

పిస్టన్ల విషయంలో అతని సలహాకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను. ఫోర్జ్‌డ్ పిస్టన్లలో 2618 అనే మిశ్రమలోహం దెబ్బకి బాగా తట్టుకుంటుంది, కానీ వేడికి ఎక్కువ ఉబ్బుతుంది కాబట్టి గ్యాప్ ఎక్కువ వదలాలి. చల్లగా ఉన్నప్పుడు టకటకమని కొట్టుకుంటుంది, అరుగుదలా ఎక్కువే. 4032లో సిలికాన్ ఎక్కువ, ఉబ్బడం తక్కువ. రేసు బండికి మొదటిది, నీకు రెండోది అన్నాడు. 81 మిల్లీమీటర్ల బోరుని (సిలిండర్ వెడల్పుని) 81.5 చేశాడు. హోనింగ్ (సిలిండర్ లోపలి గోడని సన్నగా రుద్దడం) చేసేటప్పుడు బ్లాకు మీద మందపాటి ఇనుప ప్లేటు బిగించాడు. హెడ్ బిగిస్తే సిలిండర్ కాస్త వంకర తిరుగుతుంది, ఆ వంకరలోనే హోన్ చేస్తే తర్వాత గుండ్రంగా నిలబడుతుంది. ఆటోనగర్‌లో మేము ఎప్పుడూ చూడలేదని నాన్న ఫోనులో రెండుసార్లు అడిగి తెలుసుకున్నారు.

వీటెక్ హెడ్‌కి ఆయిల్ రావడానికి ఎల్ఎస్ బ్లాకులో దారి ఉండదు. హెడ్‌లో పాత రంధ్రం మూసి, బయట నుంచి విడిగా లైను వేశాడు. రాడ్లు ఫోర్జ్‌డ్, హెడ్‌కి బోల్టుల బదులు స్టడ్లు, సగం సైజు రేడియేటర్ తీసి పూర్తి సైజుది. టెక్సస్‌లో 24 ఏళ్లు దాటిన బండికి ఎమిషన్స్ టెస్టు లేదు, అయినా క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగని శుభ్రం చేసే భాగం) లేకుండా బండి బయటికి పంపనన్నాడు. ఆ మాటకి అతని మీద గౌరవం పెరిగింది.

లోపాలు కూడా చెప్పాలి. పదకొండు వారాలన్న పని పంతొమ్మిది పట్టింది. ఫోన్ చేస్తే ఎత్తడు, నేరుగా వెళ్లాలి. ఆయిల్ ఫిల్టర్ దగ్గర అడాప్టర్ రెండో వారమే కారింది. వెంటనే మార్చిచ్చాడు, కానీ కింద నా గ్యారేజీ నేల పాడైంది. ఖర్చు, మెషినింగ్ బిగింపు కలిపి 3,600 డాలర్లు. పిస్టన్లు, రాడ్లు, టర్బో, ఇంజెక్టర్లు, కంప్యూటర్ అదనం. తక్కువేమీ కాదు.

మొదటి 500 మైళ్లు బూస్టు లేకుండా మినరల్ ఆయిల్ మీద నడిపించాడు. తర్వాత ఫిల్టర్ కోసి, కాగితం మడతలు విప్పి, లోహపు పొడి ఉందేమో నాతోనే వెతికించాడు. ట్యూనింగ్‌కి రెండు రోజులు తీసుకున్నాడు, రెండో రోజు కావాలనే మధ్యాహ్నం ఎండలో. చక్రాల దగ్గర 231 హార్స్‌పవర్ వచ్చింది. అప్పటి నుంచి 14 నెలలు, 17 వేల మైళ్లు. ఆగస్టులో 40 డిగ్రీలు దాటిన రోజుల్లో, ఏసీ వేసుకుని 635 హైవే మీద ట్రాఫిక్‌లో నిలబడ్డా వేడి ముల్లు కదల్లేదు. గాలన్‌కి 27 మైళ్లు ఇస్తోంది. ఉదయం తాళం తిప్పేటప్పుడు ఇప్పుడు టెన్షన్ లేదు.

పోయిన నెల నాన్న వచ్చారు. బానెట్ ఎత్తి, చల్లగా ఉన్న ఇంజన్ స్టార్ట్ చేయమని, తల పక్కకి వంచి చాలాసేపు విన్నారు.

"బాగా కట్టాడురా. కానీ టిక్ టిక్ అసలు వినబడట్లేదు. ఎగ్జాస్ట్ వాల్వులు టైటయినట్టున్నాయి, చూపించు."

శనివారం ఇద్దరం షాపుకి వెళ్లాం. రాత్రంతా చల్లారాక ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకు) పెట్టి చూస్తే కనీసం 0.17 మిల్లీమీటర్లు ఉండాల్సిన చోట రెండు వాల్వులు 0.14 చూపించాయి. యజమాని డబ్బు తీసుకోలేదు. గేజ్ నాన్న చేతికిచ్చి, మిగతా వాల్వులు ఆయన్నే సెట్ చేయమన్నాడు.