హాలోవీన్ రాత్రుల్లో నా ఓటు వీధికే

అమెరికాలో ఎండాకాలం సెలవులు ముగిశాయంటే చాలు, పెద్ద థీమ్ పార్కులన్నీ చీకటి పడ్డాక దెయ్యాల దిబ్బలుగా మారిపోతాయి. దెయ్యాల వేషాలు వేసుకునే హాలోవీన్ పండగ అక్టోబరు 31న అయినా ఈ రాత్రులు వారాల ముందే మొదలవుతాయి. టికెట్టు కొనేవాళ్లలో చాలామందిది ఒకటే లెక్క: లోపల ఎన్ని హాంటెడ్ హౌస్‌లున్నాయి, ఒక్క రాత్రిలో ఎన్ని చుట్టేయొచ్చు? కాలిఫోర్నియాలో నాట్స్ బెర్రీ ఫామ్, ఫ్లోరిడాలో యూనివర్సల్ ఓర్లాండో చూసొచ్చాక నేను చెప్పేది వేరు. పార్కు వాళ్ల అసలు పనితనం హౌస్‌ల లోపల కంటే బయట వీధిలోనే బాగా తెలుస్తుంది. టైమంతా హౌస్‌ల క్యూలలోనే ఖర్చు పెట్టేస్తే సగం పండగ చూడనట్టే.

హౌస్‌కీ వీధికీ తేడా ఏమిటంటే, హౌస్‌కి క్యూ కట్టాలి. లోపలికి వెళ్లాక నాలుగైదు నిమిషాల పాటు చీకటి గదుల గుండా నడుస్తాం, మలుపు మలుపుకీ ఎవరో ఒకరు బయటికి దూకుతారు. నాట్స్‌లో దీన్నే మేజ్ అంటారు. రామోజీ ఫిల్మ్ సిటీలో బోరాసుర అనే దెయ్యాల ఇల్లు చూసినవాళ్లకి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. స్కేర్ జోన్ అంటే పార్కులో పగలు మనం మామూలుగా నడిచే వీధే. రాత్రికి దాన్ని పొగతో, లైట్లతో, శబ్దాలతో నింపేసి వేషగాళ్లని వదులుతారు. క్యూ ఉండదు, గోడలుండవు, ఎవడు ఎటునుంచి వస్తాడో తెలియదు. ఎంతసేపైనా ఉండొచ్చు, ఎన్నిసార్లైనా తిరగొచ్చు.

ముందు నాట్స్ సంగతి. లాస్ ఏంజిల్స్ దగ్గర బ్యూనా పార్క్‌లో ఉంది. ఒకప్పుడు అది నిజంగానే బెర్రీల తోట. 1934లో తోట యజమాని వాల్టర్ నాట్ గారి భార్య చికెన్ డిన్నర్లు వడ్డించడం మొదలుపెడితే జనం గంటల తరబడి బయట నిలబడేవారట. వాళ్లకి కాలక్షేపంగా వాల్టర్ నాట్ 1940లో ఘోస్ట్ టౌన్ కట్టడం మొదలుపెట్టాడు. గనులు మూతపడి, మనుషులు వదిలేసిపోయిన పాత పశ్చిమ అమెరికా ఊరికి అది నమూనా. చెక్క ఇళ్లు, చెక్క వరండాలు, ఒక జైలు. 1973 అక్టోబరులో కొద్ది రాత్రులు దాన్నే దెయ్యాల ఊరుగా మార్చి చూశారు. అదే నేటి స్కేరీ ఫామ్. ఈ రోజు అమెరికాలో ప్రతి పెద్ద పార్కూ చేస్తున్న హాలోవీన్ రాత్రులకి దారి చూపించింది ఇదే.

ఆ ఊరు ముందే ఉండటం వాళ్ల అదృష్టం. హాలోవీన్ కోసం ప్రత్యేకంగా పెద్ద సెట్టింగులేమీ వేయక్కర్లేదు. పొగ వదిలి, మామూలు వీధి దీపాలు తగ్గించి, ఇళ్ల వెనక నుంచి నీలం లైటు వేస్తే చాలు, వీధి మొత్తం మారిపోతుంది. పొగ ఎంత చిక్కగా ఉంటుందంటే పది అడుగుల అవతల మనిషి నీడ తప్ప మొహం కనబడదు. అది వాళ్లకి కావాల్సిందే. పొగ వల్ల ఒకే ఆర్టిస్టు పది నిమిషాల్లో ఎన్నోసార్లు కొత్తగా ప్రత్యక్షం కాగలడు.

ఇక్కడి స్లైడర్ల గురించి చెప్పాలి. మోకాళ్లకీ చేతులకీ లోహపు పలకలు తొడుక్కుని, చీకట్లోంచి పరిగెత్తుకొచ్చి నేలమీద జారుతూ మీదకొస్తారు. ఈ విద్య పుట్టింది నాట్స్‌లోనే. ఇప్పుడు మిగతా పార్కులవాళ్లూ చేస్తున్నారు. మా అక్క కొడుకు పదిహేనేళ్లవాడు, నాతో వచ్చాడు. చిరిగిన గౌను వేసుకున్న ఒక ముసలి వేషం వాడికి ఎదురుగా చాలా నెమ్మదిగా, ఏమీ చేయకుండా నడిచివస్తోంది. వాడు ఆవిడనే చూస్తున్నాడు. "పిన్నీ, ఈవిడేం చేస్తుందో చూద్దాం ఆగు" అన్నాడు. అంతలో వెనక నుంచి నేల గీసుకుంటున్న శబ్దం, నిప్పురవ్వలు, వాడి బూటుకి జానెడు దూరంలో ఆగిన ఒక మొహం. వాడు ముందుకి ఎగిరి నా చెయ్యి పట్టుకున్నాడు. ముసలావిడ అలాగే పక్కనుంచి నడుచుకుంటూ వెళ్లిపోయింది. ఆవిడ పని వాడి చూపు పట్టి ఉంచడమే అని నాకప్పుడు అర్థమైంది. తర్వాత చాలాసేపు ఒక వరండా మెట్ల మీద కూర్చుని వాళ్లనే చూశాను. ఇద్దరిద్దరుగా, ముగ్గురు ముగ్గురుగా పనిచేస్తున్నారు. జనంలో ఎవరు బిగుసుకుపోయి నడుస్తున్నారో కనిపెట్టి, కంటిసైగలతోనే ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. బోనాల్లో పోతరాజు కొరడా ఝళిపిస్తూ వస్తుంటే పిల్లలు పారిపోయి మళ్లీ వెనక్కి వచ్చి చూస్తారే, అచ్చం ఆ సందడే. ఎవరినీ చేత్తో తాకరు. నాట్స్‌లోనూ, యూనివర్సల్‌లోనూ అది గట్టి నియమం.

వాడు "ముందుకి" ఎగిరాడన్నాను కదా, అందులోనే ఈ ప్లానింగ్ కిటుకంతా ఉంది. ఎదురుగా వచ్చి అరిస్తే మనం వెనక్కి గెంతుతాం. వెనకవాళ్ల మీద పడతాం, లైను ఆగిపోతుంది, తోపులాట మొదలవుతుంది. పక్కనుంచో వెనక నుంచో భయపెడితే కాళ్లు ముందుకే పరిగెడతాయి, లైను దానంతటదే కదులుతుంది. రాత్రికి వేలమందిని ఇరుకు దారుల్లోంచి పంపాలంటే ఇది తప్పదు. ఈ సంగతి తెలిశాక ఏ హౌస్‌లోకి వెళ్లినా గమనిస్తూనే ఉన్నాను. గోడలో కిటికీ ఎటువైపు కోశారు, తెర ఎక్కడ కట్టారు, మలుపు తిరిగాక ఎంత దూరంలో మనిషిని పెట్టారు. బాగా కట్టిన హౌస్‌లో భయమే మనల్ని బయటి ద్వారం దాకా నడిపించుకుంటూ తీసుకుపోతుంది.

హౌస్‌లు బాగా కట్టడం అంటే యూనివర్సల్ ఓర్లాండో పేరే ముందు చెప్పాలి. 1991లో ఫ్రైట్ నైట్స్ పేరుతో ఒకే ఒక్క హౌస్‌తో మొదలుపెట్టారు. మరుసటి ఏడే హాలోవీన్ హారర్ నైట్స్ అని పేరు మార్చారు. ఇప్పుడు పది దాకా హౌస్‌లు, ఐదు దాకా స్కేర్ జోన్లు. సినిమా స్టూడియో కాబట్టి కొన్ని హౌస్‌లని సౌండ్ స్టేజీల లోపల, అంటే షూటింగులకి వాడే పెద్ద షెడ్లలో కడతారు. లోపలికి అడుగుపెట్టగానే తలపైన రాత్రి ఆకాశం, ఎదురుగా రెండంతస్తుల మేడ నిజం ఇల్లంత కనబడుతుంది. తలుపు దాటాక తడి మట్టి వాసన, కాలిన వాసన, గదికో రకం. ఆర్టిస్టు దూకే క్షణంలోనే లైటు వెలిగి శబ్దం పేలుతుంది. ఆ మీట చాలాచోట్ల ఆర్టిస్టు అందుబాటులోనే ఉంటుంది, అందుకే అంత సరిగ్గా టైమింగ్ కుదురుతుంది. ఒక గదిలో ఎడమవైపు మంచం మీద బొమ్మ వణుకుతుంటే అందరం అటే చూశాం, మనిషి కుడివైపు గోడలోంచి వచ్చాడు.

కానీ క్యూ! శనివారాల్లో పేరున్న హౌస్‌కి గంటన్నర, రెండు గంటలు పట్టడం మామూలు. అంతసేపు నిలబడి నాలుగైదు నిమిషాలు నడుస్తాం. పైగా లైను ఆగకుండా కదులుతూనే ఉంటుంది కాబట్టి మనకంటే ముందు నడిచేవాళ్లు దడుచుకోవడం కళ్లారా కనబడుతుంది. ఆర్టిస్టు మళ్లీ దాక్కునేలోపే మనం అక్కడికి చేరిపోతాం. ముందువాళ్లకీ మనకీ ఒక పది అడుగులు ఎడం ఉంచుకుంటే మేలు. వెనకవాళ్లు తొందరపెట్టినా, సిబ్బంది కదలమనేదాకా నెమ్మదిగానే నడవండి.

యూనివర్సల్‌లో వీధులు న్యూయార్క్, హాలీవుడ్ నమూనాలో వెడల్పుగా ఉంటాయి. మోటారు రంపాలు పట్టుకుని తిరిగేవాళ్లకి ఆ వెడల్పు బాగా పనికొస్తుంది. గొలుసు తీసేసిన రంపాలే, ఆ చప్పుడుకే జనం చెల్లాచెదురైపోతారు. పొడుగు కర్రల మీద నడిచే వేషాలు దూరం నుంచే కనబడి కాళ్లలో వణుకు పుట్టిస్తాయి. అయితే వీధి వెడల్పైన కొద్దీ పక్కకి తప్పుకునే చోటూ పెరుగుతుంది. నాట్స్ ఇరుకు వీధిలో ఆ అవకాశం లేదు. ఫ్లోరిడా వానలతో ఇంకో తంటా. సెప్టెంబరులో సాయంత్రం ఉరుములు మెరుపులతో వాన పడితే వీధి ఆర్టిస్టులు లోపలికి వెళ్లిపోవాల్సిందే. అక్టోబరు రెండో సగంలో వెళ్తే వానల బాధ తక్కువ, టికెట్టు ధర మాత్రం ఎక్కువ. నన్నడిగితే అక్టోబరు మొదట్లో బుధవారమో గురువారమో మంచిది.

ఇద్దరు పెద్దవాళ్లతో వెళ్లాం కాబట్టి భద్రత కాస్త ఎక్కువగానే గమనించాను. ఎంత చీకటి గదిలోనైనా బయటికి వెళ్లే దారి గుర్తు వెలుగుతూ ఉంటుంది. కొంతమందికి అది వాతావరణం చెడగొట్టినట్టు అనిపించొచ్చు. దాని వెనక ఒక పెద్ద విషాదం ఉంది. 1984 మే 11న న్యూజెర్సీలోని సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్‌లో ట్రైలర్లు కలిపి కట్టిన హాంటెడ్ క్యాజిల్‌కి నిప్పంటుకుని ఎనిమిదిమంది పిల్లలు చనిపోయారు. అందరూ టీనేజీవాళ్లే. ఆ తర్వాత ఇలాంటి కట్టడాలకి స్ప్రింక్లర్లు, పొగని కనిపెట్టే పరికరాల విషయంలో నిబంధనలు గట్టిపడ్డాయి. ఆ గుర్తు దీపం కనబడ్డప్పుడల్లా నాకు ధైర్యంగానే అనిపించింది. ఒక హౌస్‌లో మా అత్తయ్య మోకాలు పట్టేసి ఆగిపోతే, మూలన చీకట్లో నిలబడ్డ సిబ్బంది అమ్మాయి చిన్న టార్చి చూపించి, ఆర్టిస్టులకి చేత్తో సైగ చేసింది. తర్వాతి రెండు గదుల్లో ఒక్కరూ అత్తయ్య జోలికి రాలేదు. "ఇంత చీకట్లో కూడా నన్నెవరో కనిపెట్టుకునే ఉన్నారమ్మా" అంది ఆవిడ బయటికొచ్చాక.

బస విషయానికొస్తే, ఈ రాత్రులు అర్ధరాత్రి దాటాకే ముగుస్తాయి, ఓర్లాండోలో చాలా రోజులు రెండింటి దాకా. ఆ టైములో వేలమంది ఒకేసారి క్యాబ్‌ల కోసం ఫోన్లు తీస్తారు, రేట్లు మండిపోతాయి. అందుకే నడిచి చేరుకునే హోటలుకి నాలుగు డాలర్లు ఎక్కువైనా పెట్టొచ్చు. బ్యూనా పార్క్‌లో పార్కు పక్కనే నాట్స్ వాళ్ల సొంత హోటలుంది, బీచ్ బూలెవార్డ్ పొడవునా చవక మోటెళ్లూ ఉన్నాయి. మేము దిగిన ఒక మోటెల్లో గది ఇవ్వడానికి రాత్రి ఒంటిగంటన్నరకి కౌంటర్లో మనిషే లేడు. అరగంట బెల్లు కొట్టాం. చవకవాటిలో దిగేట్టయితే పార్కుకి వెళ్లకముందే తాళం చేతిలోకి తీసుకోండి. ఓర్లాండోలో యూనివర్సల్ వాళ్ల హోటలు కబానా బే మా లెక్కకి సరిపోయింది. ఫ్యామిలీ సూట్లలో చిన్న వంటగది ఉంటుంది, పార్కుకి నడక దారీ, బస్సూ రెండూ ఉన్నాయి. ఒక మాట గుర్తుంచుకోండి. యూనివర్సల్ ఖరీదైన హోటళ్లలో గదితో పాటు ఇచ్చే ఎక్స్‌ప్రెస్ పాసు (పొట్టి క్యూలో పంపే పాసు) పగలు మాత్రమే చెల్లుతుంది. హారర్ నైట్స్‌కి టికెట్టూ వేరు, ఎక్స్‌ప్రెస్సూ వేరు. ఆ డబ్బు శనివారం ఎక్స్‌ప్రెస్ మీద పెట్టే బదులు పగటి టికెట్టు కూడా కొనుక్కుని సాయంత్రం పార్కు మూసేటప్పుడు లోపలే ఆగిపోవడం నయం. దీన్ని స్టే అండ్ స్క్రీమ్ అంటారు. రాత్రి టికెట్టు ఉన్నవాళ్లని ఒకచోట ఉంచి, గేట్లు తెరవకముందే కొన్ని హౌస్‌లకి పంపుతారు. మొదటి గంటలోనే రెండు మూడు అయిపోతాయి.

తిండి దగ్గర నాట్స్ గెలిచింది. పార్కు బయటే ఆ పాత చికెన్ డిన్నర్ రెస్టారెంటు ఇప్పటికీ ఉంది, బాయ్‌సెన్‌బెర్రీ పై (బెర్రీలు పెట్టి కాల్చిన తీపి వంటకం) తప్పకుండా తినాలి. శాకాహారులైతే ఆర్టీసియాలో పయనీర్ బూలెవార్డ్ కారులో కాస్త దూరమే. ఆ వీధి నిండా మన దేశపు హోటళ్లే, దోసె తిని ఏడింటికి గేటు దగ్గరుండొచ్చు. ఓర్లాండోలో హారర్ నైట్స్ పేరు చెబితే పిజ్జా ఫ్రైస్ (పిజ్జా మీద వేసేవన్నీ వేసిన బంగాళాదుంప వేపుడు ముక్కలు) అంటారు. మాంసం వేస్తారో లేదో అడిగి తీసుకోండి.

చిన్నపిల్లలతో రెండు చోట్లకీ వద్దు. పదమూడేళ్ల లోపు వాళ్లని తీసుకురావద్దని యూనివర్సల్ వాళ్లే చెబుతారు. పెద్దవాళ్లయినా సరే వేషాలు, మాస్కులు వేసుకుని రానివ్వరు, ఎవరు ఆర్టిస్టో ఎవరు ప్రేక్షకుడో తేడా తెలియాలి కదా. పిల్లలకి వేషాలు వేసి తిప్పాలని ఉంటే ఓర్లాండోలోనే మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 1995 నుంచి జరుగుతున్న మిక్కీ హాలోవీన్ పార్టీ ఉంది. చాక్లెట్లు పంచుతారు, పరేడ్ ముందు తలలేని రౌతు గుర్రం మీద దూసుకుపోతాడు, అంతకు మించి భయం ఉండదు. ఇండియా నుంచి వెళ్లాలనుకునేవాళ్లకి అమెరికా దాకా అక్కర్లేదు. సింగపూర్ యూనివర్సల్ వాళ్లు 2011 నుంచి హారర్ నైట్స్ చేస్తున్నారు. హైదరాబాద్ నుంచి దగ్గర, ఖర్చూ తక్కువ. అక్కడికి వెళ్లినా, చీకటి పడగానే హౌస్ క్యూలోకి పరిగెత్తకుండా ఒక అరగంట స్కేర్ జోన్‌లో ఒక పక్కన నిలబడి ఆర్టిస్టులు ఎవరిని ఎంచుకుంటున్నారో చూడండి.