పిచ్చుకల చెక్క గూడు: నాలుగు వేసవులు గడిచాక

విజయవాడ ఎండనూ వాననూ తట్టుకుని, మా వసారా చూరు కింద ఇంట్లో చేసిన చెక్క గూడు ఒకటి నాలుగేళ్లుగా వేలాడుతోంది. పిచ్చుకలు ఏటా అందులో గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తున్నాయి కాబట్టి గూడు పాసైనట్టే. చేసినవాడి ముచ్చట కోసం వేసిన రంగులనూ నగిషీలనూ మాత్రం అవి పూచికపుల్లతో సమానంగా చూశాయి.

6 అంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం ఉన్న 5 అడుగుల పలక ఒకటి ఉంటే చాలు. ముందు పలకకూ రెండు పక్కలకూ 9 అంగుళాల చొప్పున, గోడకు బిగించేందుకు వెనక పలకకు 13, కప్పుకు 10 పోగా, మిగిలిన దాంట్లోంచి అడుగు పలక వస్తుంది. దాన్ని లోపల పట్టేలా కాస్త చెక్కుకోవాలి. నేను వాడింది పాత సామాన్ల దుకాణంలో దొరికిన ప్యాకింగ్ పెట్టె పైన్ చెక్క. విదేశీ సరుకు వచ్చే పెట్టెల మీద ఒక ముద్ర ఉంటుంది. హెచ్.టి. అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టించినది. రెండో రకాన్ని పిట్టల దగ్గరికి రానివ్వకండి. పోల్చి చూద్దామని మామూలు ప్లైవుడ్‌తో ఇంకో గూడు కూడా చేశాను. మొదటి వానాకాలానికే దాని అంచులు పొరలు పొరలుగా విచ్చుకున్నాయి. ప్లైవుడ్ కొనే బదులు వడ్రంగి దగ్గర మిగిలిన టేకు ముక్కలు అడిగి తెచ్చుకోవడం నయం.

అసలు కిటుకంతా ద్వారంలో ఉంది. దాన్ని 32 మిల్లీమీటర్లకు, అంటే అంగుళంపావుకు మించనివ్వకూడదు. అందులో పిచ్చుక దూరుతుంది, గోరింక దూరలేదు. అడుగు పలకకు 6 అంగుళాల పైన తొలిస్తే పిల్లి చెయ్యి పెట్టినా పిల్లలు అందవు. బజారులో అమ్మే గూళ్లకు ద్వారం కింద ఒక పుల్ల దిగేసి ఉంటుంది. పిచ్చుకకు దానితో పని లేదు, కాకికి మాత్రం కూర్చుని లోపలికి తొంగిచూడటానికి భలే వాటం. కొన్నా సరే, ముందు ఆ పుల్ల పీకేయండి. మాకు కాకి కంటే ఉడత ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ద్వారం అంచు కొరికి పెద్దది చేయబోతుంటే, డబ్బా రేకు కత్తిరించి అంచులు మడిచి చుట్టూ బిగించాను. మళ్లీ ఆ జోలికి రాలేదు.

లోపలి వైపు చిత్రిక పట్టకండి, వార్నిష్ అసలే వద్దు. ఎగరడానికి సిద్ధమైన పిల్లలు ఆ గరుకు మీదే గోళ్లు దించి ద్వారం దాకా పాకుతాయి. అడుగున నాలుగు చిన్న బెజ్జాలు, కప్పు కింద గాలి ఆడేందుకు సన్నటి సందు ఉండాలి. ముఖం తూర్పుకు పెడితే మధ్యాహ్నపు ఎండా, నైరుతి వాన జల్లూ తప్పుతాయి. వసారాలో సీలింగ్ ఫ్యాను ఉంటే అక్కడ గూడు పెట్టనే వద్దు.

చూడముచ్చటైన తంతు గడ్డి మోయడం. నల్లటి గొంతున్న మగది జానెడు ఎండుగడ్డిపోచను అడ్డంగా కరుచుకుని వస్తుంది. అది ద్వారానికి అడ్డుపడుతుంది. పిట్ట వెనక్కి తగ్గి, తల వంచి, పోచను కొసన పట్టుకుని మళ్లీ తోస్తుంది. ఆడది లోపలి నుంచి లాక్కుంటుంది.

మూడు నుంచి ఐదు గుడ్లు పెడతాయి. పొదగడానికి దాదాపు రెండు వారాలు, పిల్లలు ఎగిరిపోవడానికి మరో రెండు వారాలు. అంతవరకు గూడు తెరవకూడదు. ఒక పక్క పలకను పైన రెండు మేకుల మీద తిరిగేలా అమర్చుకుంటే తర్వాత శుభ్రం చేయడం తేలిక. తీసిన ప్రతిసారీ గడ్డి, కొబ్బరి పీచు, కోడి ఈకలు, ఎక్కడివో నైలాన్ దారాలు ఉంటాయి. ఆ దారాలు పిల్లల కాళ్లకు చుట్టుకుంటాయి కనుక పెరట్లో కనబడితే ఏరి పారేస్తున్నాను. పెట్టెను వేడినీళ్లతో కడిగి ఎండబెడితే పురుగు చేరదు.

గూడు తగిలిస్తే పిచ్చుకలు వాటంతట అవే వస్తాయనుకోవద్దు. వాటి అలికిడే లేని వీధిలో మా బంధువు పెట్టిన గూడు ఖాళీగానే ఉంది. 2010 నుంచి మార్చి 20ని ప్రపంచ పిచ్చుకల దినోత్సవంగా జరుపుతున్నారు, చాలామంది ఆ రోజే గూళ్లు కొంటారు. మా వీధి జంటలైతే అప్పటికే చోటు చూసేసుకుంటాయి, సంక్రాంతికే పెట్టడం మంచిది. పండగకు చూరుకు కట్టే వరి కంకుల కుచ్చులు పెద్ద పిచ్చుకలకు సరిపోతాయి. పిల్లలకు మాత్రం పురుగులే మేత, అందుకే మల్లె చెట్లకు మందు కొట్టడం మానేశాం.

పైన్ కప్పు నిరుడు చీలింది. రేకు వేయమని సలహా ఇచ్చారు గానీ, మే నెలలో అది పెనంలా కాలుతుందని వేయలేదు. పాత టేకు తలుపు ముక్క ఒకటి తెచ్చి, ముందుకు 2 అంగుళాలు పొడుచుకు వచ్చేలా బిగించాను. మిగతా పెట్టెకు ఇంతవరకు మరమ్మతు అవసరం పడలేదు.