తోడు రుచి, తాలింపు రుచి: వైజెన్, విట్‌లలో ఏది మేలు?

"బావా, రెండూ గోధుమ బీర్లే అంటున్నాడు. ఒకటి జర్మనీదట, ఒకటి బెల్జియందట. దేన్ని చెప్పమంటావు?"

పది రోజుల పనిమీద విజయవాడ నుంచి హైదరాబాదు వచ్చిన మా మేనత్త కొడుకు, మొన్న శనివారం బ్రూ పబ్‌లో (బీరు అక్కడే కాచి వడ్డించే చోటు) కూర్చోగానే అడిగిన మాట ఇది. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు అడిగేదీ ఇదే. బెంగళూరు వెళ్లిన స్నేహితులు రాత్రి ఎనిమిదింటికి ఫోను చేసి అడిగేదీ ఇదే. మన దగ్గర ఏ బ్రూ పబ్ మెనూ తెరిచినా జర్మనీ గోధుమ బీరు హెఫెవైజెన్ (పొట్టిగా వైజెన్), బెల్జియం గోధుమ బీరు విట్ దాదాపు తప్పకుండా కనిపిస్తాయి. మిగతావి నెలనెలా మారుతుంటాయి, ఈ రెండూ నిలిచి ఉంటాయి. అందుకే ఒకసారి వివరంగా రాయాలనిపించింది.

పైకి చూస్తే రెండూ అక్కచెల్లెళ్లే. మసకబారిన లేత పసుపు రంగు, దట్టమైన తెల్లని నురగ, ఐదు శాతానికి అటూ ఇటూగా ఆల్కహాల్, నామమాత్రపు చేదు. ధాన్యంలో దాదాపు సగం గోధుమే. జర్మన్లు మొలకెత్తించి ఆరబెట్టిన గోధుమను వాడతారు, అదీ సగానికి తగ్గకూడదని అక్కడి నియమం. బెల్జియంవాళ్లు మొలకెత్తించని గోధుమను వాడతారు, కొందరు కాస్త ఓట్స్ కూడా కలుపుతారు. ఇంతవరకు పెద్ద తేడా ఏమీ లేదు. తేడా అంతా రుచి ఎక్కడి నుంచి వస్తుందన్న దగ్గర ఉంది. విట్ రుచి తాలింపులో ఉంది. వైజెన్ రుచి తోడులో ఉంది.

వైజెన్ గ్లాసును ముక్కు దగ్గరకు తెచ్చుకుంటే ముందు బాగా మగ్గిన అరటిపండు వాసన, దాని వెనకే లవంగం. ఆ రెండూ బ్రూవర్ వేసినవి కావు. నీళ్లు, మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం), హాప్స్ (చేదునిచ్చే పూలు), ఈస్ట్ (పులియబెట్టే తోడు) తప్ప అందులో మరేమీ ఉండదు. అరటి వాసన ఐసోఅమైల్ ఎసిటేట్ అనే ఎస్టర్‌ది (పండ్ల వాసననిచ్చే పదార్థం), అసలు అరటిపండులో ఉండేదీ అదే. లవంగం వాసన 4-వినైల్ గ్వాయకాల్ అనే ఫినాల్‌ది. బవేరియా గోధుమ బీరు ఈస్ట్ ఈ రెండింటినీ తానే పుట్టిస్తుంది. అదే మాల్ట్ రసంలో మామూలు లాగర్ (చల్లగా పులియబెట్టే బీరు) ఈస్ట్ వేస్తే ఈ పరిమళం రాదు. ఎంత చిక్కటి పాలు తెచ్చినా తోడు మంచిది కాకపోతే పెరుగు జిగటగానో పుల్లగానో తయారవుతుందని మన ఇళ్లలో ఎవరికి తెలియదు? వైజెన్ సంగతీ అంతే.

తోడు ఒక్కటి మంచిదైతే చాలదు, వేడి కూడా కుదరాలి. మే నెలలో రాత్రి రుబ్బిన ఇడ్లీ పిండి తెల్లవారేసరికి పొంగి పులిసిపోతుంది, డిసెంబరులో అదే పిండి పొద్దెక్కినా కదలదు. వైజెన్ పులిసే ట్యాంకును 17, 18 డిగ్రీల దగ్గర నిలిపితే లవంగం, అరటి ఒకదానికొకటి తోడుగా ఉంటాయి. 22 దాటనిస్తే అరటి ముందుకు వస్తుంది. ఇంకా వదిలేస్తే బబుల్‌గమ్ వాసన, చివరికి గోళ్ల రంగు తుడిచే ద్రావకం వాసన. లవంగం కోసమైతే పని ఇంకా ముందే మొదలవుతుంది. మాల్ట్‌ను వేడినీళ్లలో నానబెట్టే దశలో 44 డిగ్రీల దగ్గర కాసేపు ఆగితే ఫెరూలిక్ ఆమ్లం విడుదలవుతుంది. ఈస్ట్ తర్వాత దాన్నే లవంగపు వాసనగా మారుస్తుంది. ఆ కాసేపు ఆగని బ్రూవర్ చేతి బీరులో అరటి ఒక్కటే మిగులుతుంది, రెండు గుక్కలకే మొహం మొత్తుతుంది. ఏ కొత్త చోటికి వెళ్లినా నేను మొదట వైజెన్ తెప్పించుకునేది ఇందుకే. బ్రూవర్ ఓపిక, శ్రద్ధ ఎంతో ఆ ఒక్క గ్లాసులో తెలిసిపోతుంది. వైజెన్ బాగా కాచిన చోట మిగతా బీర్లు నన్ను నిరాశపరచిన సందర్భాలు చాలా తక్కువ.

1516 నాటి బవేరియా శాసనం బీరుకు బార్లీ, హాప్స్, నీళ్లు మాత్రమే వాడాలంది. అయినా గోధుమ బీరు కాచే హక్కు డెగెన్‌బర్గ్ అనే ఒక్క ప్రభు కుటుంబానికి దక్కింది. 1602లో ఆ వంశం అంతరించాక అది పాలకుడు మాక్సిమిలియన్ చేతికి వచ్చింది. 1872లో గియోర్గ్ ష్నైడర్ ఆ హక్కు సంపాదించి నిలబెట్టబట్టే ఈ బీరు ఇంతవరకు వచ్చింది.

విట్ కథ ఇంకా మనసుకు హత్తుకునేది. బెల్జియంలోని హోగార్డెన్ అనే ఊళ్లో తరతరాలుగా కాచిన తెల్ల బీరు, అక్కడి చివరి బ్రూవరీ 1950లలో మూతపడటంతో కనుమరుగైంది. కుర్రతనంలో ఆ బ్రూవరీలో సాయం చేసిన పియేర్ సెలిస్ అనే పాలవ్యాపారి 1960ల మధ్యలో దాన్ని మళ్లీ కాయడం మొదలుపెట్టాడు. 1985లో బ్రూవరీ కాలిపోయింది. నిలబెట్టడానికి పెద్ద కంపెనీ డబ్బు తీసుకోవలసి వచ్చింది, చివరికి బ్రూవరీయే ఆ కంపెనీ చేతికి పోయింది. ఆయన అమెరికాలోని ఆస్టిన్ వెళ్లి 1992లో అక్కడ మళ్లీ విట్ కాచాడు. మనం ఈనాడు ఏ ఊళ్లో విట్ తాగినా ఆ పాలవ్యాపారికి రుణపడినట్టే.

విట్‌లో పడే తాలింపు దినుసులు మనకు బాగా తెలిసినవే: ధనియాలు, ఎండబెట్టిన నారింజ తొక్క. మాల్ట్ రసం మరుగుతుండగా, దించబోయే ముందు చివరి ఐదు పది నిమిషాల్లో వేస్తారు. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మొరాకో ధనియాలు గుండ్రంగా ఉంటాయి, మనవి కోలగా ఉంటాయి. మన వాటిలో నిమ్మ వాసన మెరుగ్గా ఉంటుందని విట్ కాచే విదేశీ బ్రూవర్లు కోరి తెప్పించుకుంటారు. గుంటూరు లాం పరిశోధన కేంద్రం నుంచి సాధన, స్వాతి, సింధు వంటి ధనియాల రకాలు వచ్చాయి. అవి పండే నల్లరేగడి నేలలు హైదరాబాదుకు కొన్ని గంటల దూరమే. ఒక్క బ్రూ పబ్ అయినా "మా విట్‌లో ఫలానా ఊరి ధనియాలు" అని మెనూలో గర్వంగా రాసుకుంటే చూడాలని నా కోరిక.

విట్ కాయడం తేలికని నేననను. పాతబడిన ధనియాలు వేస్తే సబ్బు వాసనో సెలెరీ కాడ వాసనో వస్తుంది. తొక్క కింది తెల్లపొర ఎక్కువైతే నాలుక వెనక చేదు పట్టుకుంటుంది. కానీ మంచి ఇంగువ తాలింపు పడితే నిన్నటి పప్పుకూ ప్రాణం వచ్చినట్టు, తాజా ధనియాలు, నారింజ పడితే మామూలు గోధుమ బీరు కూడా నిలబడుతుంది. వైజెన్‌కు ఆ ఆసరా లేదు.

ఇక నా దృష్టిలో తీర్పు చెప్పేది కాలం. శనివారం జరిగింది చెబితే విషయం తేలిగ్గా అర్థమవుతుంది.

ఇద్దరం రెండింటినీ చిన్న గ్లాసుల్లో తెప్పించుకుని పక్కపక్కన పెట్టుకున్నాం. విట్ చక్కగా ఉంది. నారింజ తొక్క వాసన, నాలుక మీద ధనియాల తేలికైన ఘాటు, గుటక పడ్డాక శుభ్రంగా ఆరిపోయే ముగింపు. వైజెన్ మాత్రం నీరసించి ఉంది. నురగ నిలిచింది, రంగు బాగుంది, అరటి మాత్రం ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది. లవంగం ఉండవలసిన చోట కాస్త వెనిలా లాంటి తీపి వాసన. ఈ బ్యాచ్ ట్యాప్‌కు ఎక్కి ఎన్నాళ్లయిందని అడిగితే, వడ్డించే అబ్బాయి లోపలికి వెళ్లి కనుక్కుని వచ్చాడు. ఆరు వారాలు దాటిందట, ట్యాంకులో అడుగు మిగిలిందట. విట్ మాత్రం ఆ వారమే తెరిచారు. ఆ పూటకు విట్టే గెలిచింది. బావ దాన్నే మళ్లీ చెప్పాడు, నేనూ చెప్పాను.

వైజెన్ ఇలా వాడిపోవడానికి కారణం దానిలోనే ఉంది. వడగట్టని బీరు కాబట్టి ఈస్ట్ అందులో బతికే ఉంటుంది. అరటి వాసనను పుట్టించిన ఆ ఈస్ట్ నుంచే విడుదలయ్యే ఎస్టరేజ్ ఎంజైములు నాళ్లు గడిచేకొద్దీ ఆ ఎస్టర్‌ను విరగ్గొడతాయి. లవంగపు ఫినాల్ కూడా మెల్లగా తరిగి, వెనిలా వైపు ఒరిగే పదార్థంగా మారుతుంది. మంచి వైజెన్‌కు ఆయుష్షు వారాల్లోనే. ఓడలో నెలలు ప్రయాణించి, గోదాముల వేడిలో మగ్గి మన షాపు అరలోకి చేరిన జర్మన్ సీసాలో అసలు పరిమళంలో కొంతే మిగలడంలో ఆశ్చర్యం లేదు. అది బ్రూవరీ తప్పు కాదు, దూరం తప్పు.

విట్ కూడా తాజాగా ఉంటేనే బాగుంటుంది, సందేహం లేదు. కానీ ధనియాల వాసన అంత తొందరగా పారిపోదు. షాపులో కొన్న హోగార్డెన్ సీసా ఇంట్లో తెరిచినప్పుడు పబ్‌లోని విట్‌కు మరీ దూరంగా ఉందని నాకెప్పుడూ అనిపించలేదు. మన దేశపు గోధుమ బీరు బీరా 91 వైట్‌తో మొదలుపెట్టినవాళ్లకూ ఈ రుచి పరిచయమే. అందుకే నా లెక్క ఇలా ఉంటుంది: సీసాలోనూ బతికే దాన్ని ఇంట్లో తాగవచ్చు, ట్యాంకు పక్కన కూర్చుంటే తప్ప దొరకని దాన్ని ట్యాంకు పక్కనే తాగాలి. బ్రూ పబ్ దాకా వెళ్లి, అక్కడ మాత్రమే సంపూర్ణంగా దొరికే రుచిని వదిలి రావడం నాకు బాధగా ఉంటుంది. బెంగళూరు ఇందిరానగర్‌లో 2010 నుంచి నడుస్తున్న టాయిట్ అనే బ్రూ పబ్‌లో వైస్ (అక్కడి వైజెన్ పేరు) గ్లాసు ముందు పెట్టుకున్న ప్రతిసారీ ఈ మాటే గుర్తొస్తుంది. ఎడతెరిపి లేకుండా జనం వచ్చే చోట ట్యాంకు త్వరగా ఖాళీ అవుతుంది, బీరు ముసలిదయ్యే వ్యవధే ఉండదు. రద్దీగా ఉండే పబ్‌ను ఎంచుకోవడానికి ఇంతకంటే మంచి కారణం నాకు తెలియదు.

విట్ గెలిచే చోట్లు లేకపోలేదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండన పడి వచ్చినవాళ్లకు విట్ ఇచ్చే హాయి వైజెన్ ఇవ్వదు. వైజెన్ నోటిని నింపుతుంది, విట్ కడుగుతుంది. చేపలతో, రొయ్యలతో కూడా విట్ బాగా కలుస్తుంది. అపోలో ఫిష్ మీద నిమ్మకాయ పిండినట్టే ఉంటుంది దాని పని. కోడి వేపుడు, చికెన్ 65, మిరియాలు దట్టించిన మాంసం ఉంటే మాత్రం వైజెన్‌నే అడుగుతాను. ఆ అరటి తీపి కారాన్ని చల్లారుస్తుంది, లవంగం మసాలాతో పాత చుట్టరికం కలుపుకుంటుంది.

మిగతా వాటి గురించి క్లుప్తంగా. హాప్స్ ఎక్కువగా పడే ఐపీఏ బీరు చేదు కారాన్ని ఇంకా మండిస్తుంది, మన వంటలతో వద్దు. దాన్ని విడిగా, ఖాళీ నోటితో తాగితేనే దాని అందం. స్టౌట్ అనే నల్ల బీరు చివర్లో, తీపి వంటకంతో. లాగర్ బాగా కాచిన చోట చాలా బాగుంటుంది, కాని ఓపిగ్గా వారాల తరబడి చల్లగా నిలవ ఉంచే చోట్లు తక్కువ. బియ్యంతో కాచే తేలికైన, లేత రంగు బ్లాండ్ బీర్లు, వేసవిలో వచ్చే మామిడి రుచులు ఒకసారి చూడదగ్గవే.

రెండింటిలో ఏది చెప్పినా ఒక జాగ్రత్త తీసుకోండి. ఫ్రిజ్‌లో పెట్టి మంచు కట్టించిన గ్లాసు వద్దనండి. అంత చలిలో ముక్కుకు ఏమీ అందదు. నీళ్లతో కడిగిన మామూలు గ్లాసు అడగండి, ఒక్క నిమిషం ఆగి తాగండి. వైజెన్ గ్లాసు అంచున నిమ్మచెక్క గుచ్చి తెస్తే తీసి పక్కన పెట్టండి. నిమ్మరసం నురగను విరిచేస్తుంది, దాని వాసన అరటిని కప్పేస్తుంది. వేపుడు తిన్న పెదవుల నూనె తగిలినా నురగ చచ్చిపోతుంది, కాబట్టి మొదటి నాలుగు గుక్కలు ప్లేటు రాకముందే తాగడం మంచిది. అన్నిటికంటే ముందు, బ్యాచ్ ఎప్పుడు తెరిచారో అడగండి. అడగడానికి మొహమాటపడవలసిన పని లేదు. చేపల బజారులో మొప్పలు ఎత్తి చూడకుండా ఎవరూ చేప కొనరు కదా. మూడు వారాల లోపైతే వైజెన్, దాటితే విట్ అని నేను పెట్టుకున్న గీత. రెండూ ముసలివైతే లేచి వచ్చేయడానికి కూడా నేను వెనుకాడను.

శనివారం లేవబోతుంటే ఆ అబ్బాయే వచ్చి, కొత్త వైజెన్ బ్యాచ్ గురువారం ట్యాప్‌కు ఎక్కుతుందని చెప్పాడు. బావ తిరుగు రైలు శుక్రవారం మధ్యాహ్నం. గురువారం సాయంత్రం ఏడింటికి ఇద్దరికీ టేబుల్ చెప్పి వచ్చాం.