ఢిల్లీలో తందూరీ చికెన్ తినబోయే మనవాళ్ళు ఇది చదివి వెళ్ళండి

రాత్రి జరిగిన దానికి కోపం ఇంకా దిగలేదు. మా ఆఫీసు వెనక వీధిలో, ‘పెషావరీ పద్ధతి, మట్టి తందూరు’ అని పెద్ద బోర్డున్న హోటల్. పేరు రాయను, అటు తిరిగేవాళ్ళకి తెలుసు.

నాన్న మొదటిసారి ఢిల్లీ వచ్చారు. పెషావర్ నుంచి వచ్చిన కుందన్‌లాల్ గుజ్రాల్ వాళ్ళు 1947లో పెట్టిన మోతీ మహల్ హోటల్ గురించి ఎక్కడో చదివి, అది ఉన్న దరియాగంజ్ వెళ్దామన్నారు. అంత దూరం ఎందుకు, పక్కనే ఉందిగా అని ఆపింది నేనే. తప్పు నాదే.

ప్లేటు రాగానే అనుమానమొచ్చింది. కుంకుమలా ఎరుపు, కింద నూనె మడుగు. ముక్క విరిస్తే లోపల తెల్లగా, ఉప్పు కూడా పట్టలేదు. గాట్లు పెట్టి, ముందు నిమ్మరసం, ఉప్పు, కశ్మీరీ కారం పూసి, తర్వాత నీళ్ళు వడకట్టిన గట్టి పెరుగు, అల్లంవెల్లుల్లి, ఆవనూనె పట్టించి గంటలకొద్దీ నానబెడితే అలా ఉండదు.

చేతులు కడుక్కోవడానికి వెళ్తే వంటగది తలుపు తీసి ఉంది. తందూరు చల్లగా పడి ఉంది, దాని మూత మీద ఖాళీ ప్లేట్లు పేర్చారు. ఒక కుర్రాడు బాణలిలోంచి వేయించిన ఎర్ర ముక్క తీసి, పట్టకారుతో గ్యాస్ మంట మీద తిప్పుతున్నాడు, అంచులు నల్లబడేదాకా. పైన ఇంత వెన్న రాసి ప్లేటులో పెట్టాడు. అంతే, తందూరీ అయిపోయింది!

కౌంటర్‌లో అడిగితే ఆయన తల కూడా ఎత్తలేదు. “సాంబారు తినే మద్రాసీలకి తందూరీ సంగతి ఏం తెలుసు” అన్నాడు హిందీలో, అందరికీ వినపడేలా. నాన్నకి హిందీ రాదు. కానీ మద్రాసీ అన్న మాట అర్థమైంది. చేతిలో ముక్క ప్లేటులో పెట్టేసి, “పద నాన్నా, వెళ్దాం” అన్నారు. డబ్బు మొత్తం కట్టాను. అక్కడే గట్టిగా నిలదీయాల్సింది, నాన్న ముందు గొడవెందుకని నోరు మూసుకున్నాను. సబ్బుతో రెండుసార్లు కడిగినా వేళ్ళకి ఎరుపు పోలేదు.

మీరు వెళ్తే ముందు తందూరులో నిప్పులున్నాయో లేదో చూసి ఆర్డరివ్వండి. ముక్కకి ఊచ గుచ్చిన రంధ్రం ఉందా చూడండి, మాకు పెట్టినదానికి లేదు. వేళ్ళకి అంటుకుని పోని ఎరుపైతే పిల్లలకి అసలు పెట్టకండి. కబాబుల్లో కృత్రిమ రంగుల్ని కర్ణాటక 2024 జూన్‌లో నిషేధించింది ఊరికే కాదు.

నాన్న రైలు ఎల్లుండి. రేపు మధ్యాహ్నం దరియాగంజ్ తీసుకెళ్తున్నాను.